అనుమానం వస్తే రెండో సూది వేయకు

అమ్మలూ,

పిల్లికి షుగర్ అని తేలిందనీ, ఎవరికైనా ఇచ్చెయ్యమని అందరూ అంటున్నా నువ్వే ఇంట్లో ఇన్సులిన్ వేస్తానని పట్టుబట్టావనీ నిన్న మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! రాత్రి కంటి మీద కునుకు మాత్రం లేదు. చెయ్యి తగిలితేనే గోళ్లు బయటపెట్టే పిల్లి అట కదా. నా గౌరి కూడా అంతే.

మామూలు సంగతులు డాక్టర్ చెప్పే ఉంటారు. రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో. మందు ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో కాదు. పిండిపదార్థం తక్కువున్న తడి ఆహారం. ఒక్కటి మాత్రం నీ కళ్లతో చూసుకో. సీసా మీద యు-40 (అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్ల మందు) అని ఉంటే సిరంజి మీదా యు-40 అనే ఉండాలి. యు-100 మందును యు-40 సిరంజితో లాగితే గీత సరిగ్గానే కనిపిస్తుంది, లోపలికి వెళ్లేది రెండున్నర రెట్లు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను.

కొత్తలో నాకు ఒకటే టెన్షన్, టైముకి సూది పడాలని. తువ్వాలు పట్టుకుని గౌరి వెంటపడేదాన్ని. మూలకు తరిమి, చుట్టేసి, మోకాళ్ల మధ్య అదిమిపట్టి పొడిచేదాన్ని. పదో రోజుకల్లా ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే చాలు, మంచం కిందికి దూరేది. ఆ సాయంత్రం బాగా పెనుగులాడింది. సూది తీశాక చూస్తే మెడ మీద బొచ్చు తడిగా ఉంది, మందు వాసన వస్తోంది. అంతా బయటే పోయిందనుకుని మళ్లీ నింపి ఇంకో డోసు వేశాను. మొదటిదాంట్లో కూడా ఎంతో కొంత లోపలికి వెళ్లిందని అప్పుడు తట్టలేదు. వదలగానే మంచం కిందికి పోయింది. అలిగిందిలే అనుకున్నాను, రోజూ అక్కడే కదా దాక్కునేది. రాత్రి మెలకువ వచ్చి టార్చ్ వేసి చూద్దును కదా, తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. కంటిపాపలు పెద్దవైపోయాయి, గడ్డం కింద చొంగ, వెనక కాళ్లు వణుకుతున్నాయి. పిలిస్తే చూపు నా మీద నిలవలేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు నాకు. వేలికి తేనె రాసుకుని దాని చిగుళ్ల మీద రుద్దుతూనే ఆసుపత్రికి పరిగెత్తాను. బతికింది తల్లీ. కానీ నన్ను చూసి దాక్కోవడం దానికి నేర్పింది నేనే. అందుకే అది భయంతో దాక్కుందో, నీరసంతో పడిపోయిందో నాకు తెలియలేదు. ఇప్పటికీ మింగుడుపడని సంగతి అదే.

అనుమానం వస్తే ఆ డోసు పోయిందనుకుని వదిలెయ్. ఒక పూట షుగర్ ఎక్కువున్నా తట్టుకుంటుంది, మరీ పడిపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. తిండి ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా డాక్టర్‌కు ఫోన్ చెయ్యకుండా సిరంజి ముట్టుకోకు.

తోలు గ్లౌజులు తెచ్చుకున్నావట! తీసి అవతల పెట్టు. చర్మం వేళ్లకు ఎలా తెలుస్తుంది? తర్వాత నేనేం చేశానంటే, మందు ముందే వేరే గదిలో సిద్ధం చేసుకునేదాన్ని. గౌరి తింటుంటే పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి తీసేదాన్ని. అలవాటయ్యాక డొక్క దగ్గర చర్మం కాస్త పైకి లాగి వదలడం, ఆ తర్వాత మూత తీయని సిరంజి ఆనించడం. ప్రతిసారీ దానికిష్టమైన ముక్క ఒకటి పెట్టేదాన్ని. సూది రోజుకు రెండుసార్లే, ఉత్తుత్తి తాకడం పదిసార్లు. చెయ్యి వచ్చిందంటే సూదే అని అది అనుకోకూడదు. ఆ సూది చాలా సన్నం అమ్మలూ, పిల్లికి భయం మనం అదిమి పట్టుకోవడమంటేనే.

షుగర్ కూడా ఇంట్లోనే చూడు, చెవి అంచున చిన్న రక్తపు చుక్క చాలు. ఆసుపత్రిలో భయానికే పిల్లుల షుగర్ పెరిగిపోతుంది. చెవి ముట్టుకోనివ్వకపోతే ఒంటికి అతికించే సెన్సర్ గురించి అడుగు, ఊడిపోకపోతే 14 రోజుల వరకు పనిచేస్తుంది. కొన్ని పిల్లులకు మొదటి నెలల్లోనే ఇన్సులిన్ అవసరం తగ్గిపోతుంది, కొన్నింటికి పూర్తిగా మానెయ్యవచ్చు కూడా. మంచిదే, కానీ అప్పుడు పాత డోసే ఎక్కువైపోతుంది. నా భయమంతా అక్కడే. రోజూ అంకెలు నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కు చూపించు, డోసు నీ అంతట నువ్వు మార్చకు.

తేనె సీసా వంటింట్లో కాదు, మంచం పక్కనే పెట్టుకో. స్పృహ లేకపోతే నోట్లో పొయ్యకు, చిగుళ్లకే రాసి ఆసుపత్రికి బయల్దేరు. మొదటి సూది వేసిన రాత్రి నేను మేలుకునే ఉంటాను. పడుకునే ముందు దాన్ని పేరు పెట్టి పిలువు. నీ వైపు చూసిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ