టెక్ సందేహాలు: ట్రాక్ మారేచోట ఆ ‘టప్’ ఎక్కడిది?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి తెచ్చిన ఎస్ఏసీడీలను (సూపర్ ఆడియో సీడీలు) రిప్ చేసి, అంటే కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైళ్లుగా మార్చాను. ప్రతి ట్రాక్ మొదట్లో ‘టప్’ మంటోంది. అదే డిస్క్ ప్లేయర్‌లో పెడితే శుభ్రంగా వినిపిస్తోంది. ఈ చప్పుడు తీసేసే టూల్ ఒకటి నెట్‌లో దొరికింది కానీ, ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: వద్దండీ. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ ఫైల్ డిలీట్ చేయండి.

ఇదే ‘టప్’ గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకాయన కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కేబుళ్లన్నీ మార్చేశారు. ఇంకొకాయన ఏకంగా డీఏసీనే (డిజిటల్ ఫైల్‌ను స్పీకర్‌కు పంపే సిగ్నల్‌గా మార్చే పరికరం) మార్చారు. చప్పుడు మాత్రం అలాగే ఉంది. ఎందుకుండదు? అది ఫైల్లోనే ఉంది. అదే ఫైల్‌ను ఫోన్‌లో వేసి వినండి. అక్కడా సరిగ్గా అదే క్షణంలో ‘టప్’ మంటే తప్పు కన్వర్షన్‌ది. ఒక్కోసారి ఒక్కోచోట వస్తుంటేనే ప్లేబ్యాక్ సెట్టింగులు చూసుకోవాలి.

మామూలు సీడీలో నిశ్శబ్దమంటే వరసగా సున్నాలు. ఎస్ఏసీడీ సంగతి వేరు. అందులో ఉండేది ఒక్క బిట్, అదీ సెకనుకు 28,22,400 సార్లు. అక్కడ నిశ్శబ్దమంటే ఒకట్లు, సున్నాలు సగం సగం కలిసి ఉండటం. వరసగా అన్నీ సున్నాలే వస్తే అది నిశ్శబ్దం కాదు, స్పీకర్ కోన్‌ను ఒకవైపు ఒక్క తోపు తోసినట్టు. కన్వర్టర్‌లోని ఫిల్టర్ ఒక్కో శాంపిల్ లెక్కకట్టడానికి ముందూ వెనకా ఉన్న బిట్లను చూస్తుంది. ట్రాకులను విడివిడిగా మారిస్తే, మొదటి బిట్‌కు ముందు దానికి ఏమీ కనపడదు. ఆ ఖాళీని సరిగా నింపని కన్వర్టర్ దగ్గర సిగ్నల్ ఒక్కసారిగా ఎగురుతుంది. మీరు వింటున్న ‘టప్’ అదే.

కాబట్టి డిస్క్ మొత్తాన్ని ఒకే ముక్కగా మార్చండి. ట్రాకులుగా కోయడం ఆ తర్వాత, ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో రాసి ఉండే క్యూ షీట్‌తో. 24 బిట్, 88.2 లేదా 176.4 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. 96 వద్దు, అసలు రేటును అది సమంగా భాగించదు. చాలామంది +6 డీబీ గెయిన్ (శబ్దం పెంపు) కూడా పెడతారు, ఎస్ఏసీడీ లెవెల్ తక్కువగా ఉంటుంది కాబట్టి. గట్టిగా రికార్డు చేసిన డిస్కుల్లో అది హద్దు దాటి చిర్రుమంటుంది. ముందు ఆల్బమ్ మొత్తానికి పీక్ (అత్యధిక స్థాయి) ఎంతో చూసి, అన్ని ట్రాకులకూ ఒకటే గెయిన్ ఇవ్వండి.

ఈ మాత్రం పని సాఫ్ట్‌వేర్ తనంతట తనే చేయొచ్చు కదా! ట్రాకులు విడగొట్టడమే డిఫాల్ట్‌గా పెట్టి, సరైన ఆప్షన్‌ను నాలుగు మెనూల లోపల దాచేవాళ్లు తాము చేసినదాంట్లో ఒక్క లైవ్ కచేరీ అయినా విన్నారా అని నా అనుమానం. చప్పట్ల మధ్యలో ‘టప్’.

ఇక ఆ టూల్. యాంటీవైరస్ ఆపితే తప్ప ఇన్‌స్టాల్ కాని ప్రోగ్రామ్‌కు పాటలతో పనేముంటుంది? మీ బ్యాంక్ పాస్‌వర్డ్ సేవ్ అయి ఉన్నది కూడా ఆ కంప్యూటర్‌లోనే. పేరున్న కంపెనీవి కాబట్టి ఫర్వాలేదనుకోవడానికీ లేదు. 2005లో ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ, కాపీ చేయకుండా ఆపడానికని, తన సీడీల్లోనే ఒక రూట్‌కిట్‌ను (కంప్యూటర్‌లో చాటుగా పనిచేసే ప్రోగ్రామ్) పెట్టి అమ్మింది. ఒక ప్రత్యేక గుర్తుతో మొదలయ్యే పేరున్న ఏ ఫైలైనా విండోస్‌కు కనపడకుండా చేసేదది. ఆ చాటున వైరస్‌లు కూడా దాక్కున్నాయి. చివరికి డిస్కులను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. డబ్బిచ్చి కొన్న సీడీయే అలా చేసింది. ఊరూపేరూ లేని టూల్‌ను నమ్ముతామా?

ఇంకో మాట. ఎస్ఏసీడీ రిప్ చేయడానికి చాలామంది పాత బ్లూరే ప్లేయర్ లాక్‌ను పెన్‌డ్రైవ్‌లోని స్క్రిప్ట్‌తో (చిన్న ప్రోగ్రామ్‌తో) తెరిచి ఇంటి వైఫైకి కలుపుతారు. అలా తెరిచిన ప్లేయర్‌కు పాస్‌వర్డ్ ఉండదు, అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి. మీదీ అదే పద్ధతైతే, పని కాగానే పెన్‌డ్రైవ్ తీసేసి నెట్‌వర్క్ నుంచి తప్పించండి. పక్కింటి కుర్రాడికి వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఇప్పుడే చేయండి.

ప్రశ్న: ఆబిడ్స్ ఆదివారం మార్కెట్లో పాత ఆడియో సీడీలు కొన్నాను. కొన్ని రిప్ చేస్తే చిటపటలు.
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: ఇవి గీతలమ్మా, కన్వర్షన్ కాదు. మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. రిప్పర్‌లో సెక్యూర్ మోడ్ పెట్టండి. అనుమానం వచ్చినచోట మళ్లీ మళ్లీ చదువుతుంది కాబట్టి ఒక్కో డిస్క్‌కు గంట పట్టినా పట్టొచ్చు. చెక్‌సమ్ (రిప్ చేసిన డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) ఇతరుల రిప్‌తో కలిస్తే సరే. కలవకపోతే ఇంకో డ్రైవ్‌లో వేసి చూడండి, ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవడం మామూలే.