పాల్ నాష్ సైనికుడి నుంచి యుద్ధ చిత్రకారుడు ఎలా అయ్యాడు?

నాష్ (1889–1946) లండన్‌లో పుట్టాడు. బొమ్మలు ముందునుంచీ వేసేవాడే. 1914లో యుద్ధం రాగానే సైన్యంలో చేరాడు. 1917లో అధికారిగా బెల్జియంలోని ఈప్ర్ కందకాలకు వెళ్లాడు. మే నెలలో కందకంలో పడి పక్కటెముక విరగ్గొట్టుకుంటే ఇంటికి పంపేశారు. ఆ దెబ్బే అతన్ని బతికించిందనాలి. కొద్ది రోజులకే ఈప్ర్ దగ్గరి హిల్ 60 అనే గుట్టపై జరిగిన దాడిలో అతని దళంలో చాలామంది పోయారు.

యుద్ధరంగంపై తాను వేసిన బొమ్మలతో లండన్‌లో పెట్టిన ప్రదర్శనకు మంచి పేరొచ్చింది. అదే ఏడు నవంబరులో ప్రభుత్వం అతన్ని అధికారిక చిత్రకారుడిగా మళ్లీ అక్కడికే పంపింది. ఈసారి ఈప్ర్ దగ్గరి పాషన్‌డేల్ యుద్ధభూమి బురద చూసి మండిపోయాడు. తానిక కళాకారుణ్ణి కాననీ, యుద్ధం సాగాలనేవాళ్లకు సైనికుల మాట చేరవేసే దూతననీ భార్యకు రాశాడు.

1918 నాటి ‘మనం కొత్త లోకాన్ని నిర్మిస్తున్నాం’ చిత్రంలో ఒక్క మనిషీ లేడు. మోడులు, గుంతలు, పైన తెల్లటి సూర్యుడు, అంతే. పేరులోని వెటకారం చూడండి! శవాలు గీసిన బొమ్మలకన్నా నాకిదే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధంలోనూ అదే పని చేశాడు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలో పోగేసిన జర్మన్ విమానాల తుక్కును వెన్నెల్లో సముద్రపు అలల్లా చిత్రించాడు.