సుడోకులో ఊహించి వేయవచ్చునా?

ప్రశ్న: దినపత్రికలో వచ్చే సుడోకును సగం వరకు పూరించగలుగుతున్నాను. ఆపైన రెండంకెల మధ్య ఎటూ తేల్చుకోలేక ఏదో ఒకటి వేసేస్తే, చివరికి ఒకే వరుసలో రెండు ఐదులు వచ్చి కూర్చుంటున్నాయి. చిన్నప్పటి నుంచీ లెక్కల్లో వెనకబడినదాన్ని కావడమే ఇందుకు కారణమా?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: కాదండీ. సుడోకులో కూడికగానీ తీసివేతగానీ లేదు. అంకెలకు బదులు క, చ, ట, త, ప, య, ర, ల, వ అనే తొమ్మిది అక్షరాలు పెట్టినా ఆట మారదు. 1979లో అమెరికాలోని డెల్ పత్రికలో ‘నంబర్ ప్లేస్’ పేరుతో వచ్చిన ఈ ఆటకు రూపకర్తగా భావిస్తున్న హోవార్డ్ గార్న్స్ వాస్తుశిల్పి. 2004లో లండన్ ‘టైమ్స్’ పత్రికకు దీన్ని అందించిన వేన్ గౌల్డ్ హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విరమించినవారు.

నియమం ఒక్కటే: మొత్తం 81 గడులలో, ప్రతి అడ్డువరుసలోనూ, ప్రతి నిలువువరుసలోనూ, తొమ్మిదేసి గడులుండే ప్రతి చిన్న చదరంలోనూ 1 నుంచి 9 వరకు ప్రతి అంకె ఒక్కసారే రావాలి. మీ ఇబ్బంది నియమంతో కాదు, చూసే పద్ధతితో. చాలామంది ఖాళీ గడిని పట్టుకుని ‘ఇక్కడ ఏది వస్తుంది?’ అని అడుగుతారు. ముందుగా అంకెను పట్టుకుని ‘ఇది ఎక్కడికి వెళ్తుంది?’ అని అడగడం సులువు. పై మూడు వరుసలనే తీసుకోండి. ఎడమ చదరంలోని 7 మొదటి వరుసలో, కుడి చదరంలోని 7 మూడో వరుసలో ఉన్నాయనుకుందాం. అప్పుడు మధ్య చదరంలోని 7 రెండో వరుసలోనే ఉండి తీరాలి. అక్కడ రెండు గడులు ఖాళీగా ఉంటే, వాటి కింది నిలువువరుసలను చూడండి. ఒకదానిలో ఇప్పటికే 7 ఉంటే, మిగిలిన గడే దాని స్థానం.

ఇలా తేలనప్పుడే గడి దగ్గరికి రావాలి. ఒక గడికి అడ్డువరుసలో 1, 4, 6, 8, నిలువువరుసలో 2, 9, చదరంలో 3, 5 కనిపిస్తే అక్కడ 7 తప్ప మరొకటి పట్టదు. రెండంకెలు మిగిలితే వాటిని పెన్సిలుతో గడి మూలన చిన్నగా రాసి వదిలేయండి. ఒకే వరుసలోని రెండు గడుల్లోనూ 3, 8 మాత్రమే మిగిలినప్పుడు, ఏది ఎక్కడో తెలియకపోయినా, ఆ వరుసలోని తక్కిన గడుల నుంచి ఆ రెండింటినీ నిశ్చింతగా కొట్టేయవచ్చు. మీరు తొందరపడి వేసేస్తున్నది బహుశా ఇక్కడే. సరైన సుడోకుకు ఒకే పరిష్కారం ఉంటుంది కనుక, ఊహ తప్పితే ఎక్కడో ఒకచోట అంకెలు పొసగవు. కానీ ఆ తప్పు అప్పుడే బయటపడదు. ఎన్నో గడులు నిండాక బయటపడేసరికి ఎక్కడ మొదలైందో పట్టుకోవడం దుర్లభం.

ప్రశ్న: ముందుగా ఇచ్చిన అంకెలు తక్కువైతే సుడోకు కఠినమైనదని అర్థమా?
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: అలా చెప్పలేము. ఒకే పరిష్కారం ఉండాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలని గణితవేత్త గ్యారీ మెక్‌గైర్ బృందం 2012లో కంప్యూటరు సాయంతో తేల్చింది. అయితే 17 అంకెలతో ఉన్నవాటిలోనూ సులువైనవి ఉన్నాయి. 25 ఇచ్చినా ముందుకు సాగనివ్వనివీ ఉన్నాయి. ఎన్ని ఇచ్చారన్నదానికన్నా, తర్వాతి అడుగు కోసం ఎంత లోతుగా వెతకవలసి వస్తుందన్నదే కాఠిన్యాన్ని నిర్ణయిస్తుంది.