ఉక్కపోత ఉత్తరాలు: ఈ ఎండలు ఎన్నాళ్ళు?

ఈ నెల ఉత్తరాలన్నీ ఎండల మీదే, అందులోనూ ఎక్కువ కోస్తా జిల్లాల నుంచే. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది మచిలీపట్నం. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది. అక్కడ 42 డిగ్రీలంటుంది, ఇక్కడ 37. అయినా ఫోన్లో ఆపసోపాలు పడేది నేనే! పైగా మాకు వడగాడ్పుల హెచ్చరిక కూడా రాలేదు. ఇదేం లెక్కండీ?

మీ ఒళ్ళు చెప్పేదే నిజమండీ. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే చెమట కారితే చాలదు, ఆరాలి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే అది ఆరదు, కారుతూనే ఉంటుంది. దీన్ని లెక్కగట్టేదే హీట్ ఇండెక్స్. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే ఒంటికి తెలిసే వేడి కూడా 42 దగ్గరే. అదే 37 డిగ్రీలకి 55 శాతం తేమ తోడైతే 48 దాటుతుంది. అది కూడా నీడలో నిలబడితే, ఎండలో కాదు.

ఇక హెచ్చరిక సంగతి. భారత వాతావరణ శాఖ లెక్కలో తీరప్రాంతంలో వడగాడ్పు అనాలంటే ఉష్ణోగ్రత కనీసం 37 ఉండాలి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ కూడా ఉండాలి, అదీ ఒక్కచోట ఒక్కరోజు కనబడితే చాలదు. మే చివర్లో మీ ఊళ్ళో మామూలే 37, 38 దగ్గర ఉంటుంది కాబట్టి 42 దాకా పోతే తప్ప ఆ మాట వాడరు. నన్నడిగితే పొడి ఎండకి సరిపోయే ఈ కొలత ఉక్కపోతకి చాలదు. 2023 నుంచి వాతావరణ శాఖ ప్రయోగాత్మకంగా హీట్ ఇండెక్స్ కూడా ఇస్తోంది, బులెటిన్‌లో 'వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం' అనే వాక్యం విడిగా ఉంటుంది. టీవీ స్క్రోలింగ్‌లో పెద్దగా కనబడని ఆ వాక్యమే మీకు పనికొచ్చేది.

ప్రశ్న: విజయవాడలో ఉంటాం. ప్రతిసారీ 'మరో మూడు రోజులు ఎండలు' అంటారు, మూడయ్యాక మళ్ళీ మూడంటారు. మొదటే పదిహేను రోజులని చెప్పేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

కోపం అర్థమైంది. కానీ చెప్పలేకపోవడానికి కారణం ఉంది, అది తెలిస్తే ఏ మాటని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.

కోస్తాలో ఎండలు మొదలయ్యేది పైనుంచి. అయిదారు కిలోమీటర్ల ఎత్తులో అధికపీడనం వచ్చి కూర్చుంటే గాలి కిందికి దిగుతుంది, దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, మబ్బు కట్టనివ్వదు. ఇలాంటిది పెద్దదిగా ఉండి మెల్లగా కదులుతుంది కనుక అయిదారు రోజుల ముందే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ళకి బాగానే దొరుకుతుంది. 'ఎండలు వస్తున్నాయి' అన్న మాట అందుకే తరచుగా నిజమవుతుంది. కష్టమంతా ఎప్పుడు పోతాయో చెప్పడంలో ఉంది.

పోవడం గాలివాటం మీద ఆధారపడుతుంది. పడమటి గాలి తెలంగాణ వైపు నుంచి పీఠభూమి దిగి వస్తుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, పొడిగాలి కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది, కాబట్టి అక్కడ 40 ఉన్న గాలి మీ దగ్గరికి చేరేసరికి 45 అయినా ఆశ్చర్యం లేదు. దానికి ఎదురొచ్చేది సముద్రపు గాలి. పడమటి గాలి బలహీనంగా ఉన్న రోజు బందరులో మధ్యాహ్నం కాకముందే సముద్రపు గాలి తిరుగుతుంది, వేడి నాలుగు డిగ్రీలు తగ్గి ఉక్కపోత పెరుగుతుంది. బలంగా ఉన్న రోజు మూడింటి దాకా రాదు, ఒక్కోసారి అసలు రాదు. విజయవాడ దాకా అది చేరేసరికి చీకటి పడుతుంది. ఈ రెండింటి పోటీలో ఓ గంట అటూ ఇటూ అయితే ఆ రోజు ఉష్ణోగ్రతే మారిపోతుంది, మరి అలాంటి గంటని పదో రోజుకి ఎవరు లెక్కగడతారు?

వార్తల్లో రోజూ వినే 'విదర్భ నుంచి తమిళనాడు వరకు ద్రోణి' (పొడవుగా సాగిన అల్పపీడన ప్రాంతం) కూడా ఇందులో భాగమే. చాలాసార్లు పొడిగాలి, తేమగాలి కలిసే గీత అదే. అది ఓ వంద కిలోమీటర్లు జరిగితే ఒక జిల్లాకి సాయంత్రం ఉరుములతో వాన, పక్క జిల్లాకి మళ్ళీ నిప్పుల కొలిమి.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి బంగాళాఖాతంలో తుపాను. తుపానంటే చల్లబడుతుందని మనవాళ్ళు సంబరపడతారు. మన తీరానికి వస్తే నిజమే, 2010లో లైలా అలాగే వచ్చింది. కానీ దూరంగా మయన్మార్ వైపు పోయిందనుకోండి, దాని ఎడమ పక్కన వీచే గాలి భూమి మీది నుంచి సముద్రంలోకి లాగుతుంది, అంటే మనకి పడమటి గాలి ఇంకా గట్టిపడుతుంది. 2023 మే 14న మోచా మయన్మార్ తీరం దాటింది, ఆ రోజుల్లోనే కోస్తాలో ఎండలు మండిపోయాయి. తుపాను ఎటు తిరుగుతుందో వారం ముందు తేలదు, కాబట్టి మన ఎండ సంగతీ తేలదు.

అందుకే రోజువారీ హెచ్చరికలు అయిదు నుంచి ఏడు రోజులకే ఇస్తారు. ఆపైన ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా ఒకటి వస్తుంది, దాన్ని తక్కువమందే చూస్తారు. అందులో 'ఈ వారం కోస్తాలో మామూలు కంటే ఎక్కువ వేడి ఉండే అవకాశం' అన్నంత మాటే ఉంటుంది, తేదీ ఉండదు. లోపల చేసే పని ఏమిటంటే, ప్రారంభ పరిస్థితుల్ని కాస్త కాస్త మార్చి ఒకే అంచనాని పదులసార్లు నడుపుతారు. అన్నీ ఒకే వైపు పోతే నమ్మకం ఎక్కువ, తలోదారి పడితే నోరు మూసుకోవడమే మర్యాద. ఫోన్ యాప్‌లకి మాత్రం ఆ మర్యాద లేదు, పదిహేనో రోజుకి కూడా '41' అని ఒకే అంకె వేసి చూపిస్తాయి. వారం దాటాక ఆ అంకె చాలావరకు ఆ తేదీకి ఉండే సగటు చుట్టూనే తిరుగుతుంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడకండి, ధీమా పడొద్దు కూడా.

ప్రశ్న: రోహిణి కార్తె వెళ్ళి మృగశిర వస్తే చల్లబడుతుందని నాన్నగారి నమ్మకం. శాస్త్రం ఏమంటుంది? (ఏలూరు)

నాన్నగారిది తీసిపారేసే మాట కాదు. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నది ఊరికే రాలేదు. రోహిణి మే 25 దగ్గర వస్తుంది, మృగశిర జూన్ 8 దగ్గర. కేరళకి రుతుపవనాలు వచ్చే మామూలు తేదీ జూన్ 1, అక్కడి నుంచి మన దాకా రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అంటే కార్తె లెక్క సగటుకి సరిగ్గానే కుదిరింది. సగటు తప్పిన ఏడాదే చిక్కు. 2023లో అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ తుపాను ఉండగా రుతుపవనాలు కేరళకే జూన్ 8న వచ్చాయి, కోస్తాలో జూన్ మూడో వారం దాకా వడగాడ్పులు వీచాయి. మృగశిర నాడు చేపలు తిన్నాం గానీ చల్లబడింది లేదు. జూన్‌లో ఇంకో ఇబ్బంది ఏమిటంటే, వాన లేకుండా పడమటి గాలి మాత్రమే బలపడితే కోస్తా మేలో కన్నా ఎక్కువ ఉడుకుతుంది. కాబట్టి మే చివర్లో ఆయనకి కార్తెతో పాటు కేరళ కబురు కూడా చెబుతుండండి.

ప్రశ్న: అమ్మానాన్నలు కాకినాడలో ఒంటరిగా ఉంటారు, ఇద్దరికీ డెబ్భై దాటాయి. నేను బెంగళూరు నుంచి రోజూ గరిష్ఠ ఉష్ణోగ్రత చూసి ఫోన్ చేస్తుంటాను. సరిపోతుందా?

సరిపోదండీ. కనిష్ఠం కూడా చూడండి. రాత్రి కూడా 30 దగ్గరే ఆగిపోతే పగటి వేడి నుంచి ఒళ్ళు తేరుకోదు, మర్నాడు అదే అలసటతో మొదలవుతుంది. ఒక రోజు 43 వచ్చి పోవడం కన్నా 38తో, నిద్రపట్టని రాత్రులతో వారం సాగడం పెద్దవాళ్ళకి ప్రమాదం. వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అని ఒకటుంది, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేది, అంటే వేడీ తేమా కలిపిన లెక్క. అది 35 దాటితే మనిషి ఎక్కువసేపు తట్టుకోలేడని ఒకప్పటి సిద్ధాంతం. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో యువతీయువకుల మీద పరీక్షిస్తే 31 దగ్గరే శరీరం ఓడిపోవడం మొదలైంది. పెద్దవాళ్ళకి ఆ హద్దు ఇంకా కిందే ఉంటుంది.

2015 మేలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఆరుబయట పనిచేసేవాళ్ళకే ముప్పు అనుకుంటాం గానీ ఇంట్లో ఉన్న వృద్ధులకీ ముప్పే. ఉక్కపోత మూడో రోజుకి చేరితే ఫోన్‌తో ఆగకుండా పక్కింటివాళ్ళని ఓసారి వెళ్ళి చూడమనండి. మాట తడబడుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకుని వెంటనే 108కి ఫోన్ చేయాలి, అది వచ్చేలోగా తడిగుడ్డలతో ఒళ్ళు తుడుస్తూ ఫ్యాన్ కింద ఉంచాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు. బీపీకి నీరు పోయే మాత్రలు వాడుతుంటే ఎండాకాలం మోతాదు గురించి డాక్టర్‌ని ముందే అడగండి, సొంతంగా మానేయొద్దు.

ప్రశ్న: కూలర్ కొననా వద్దా? (భీమవరం)

వద్దు. 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నచోట కూలర్ గాలిని మహా అయితే 24 దగ్గరికి దించగలదు. మీ దగ్గర 37, 55 శాతం అనుకుంటే ఎంత మంచి కూలరైనా 29 కిందికి దించలేదు, పైగా గదినిండా తేమ నింపుతుంది. ఆ డబ్బు మంచి ఫ్యాన్ మీద, పైకప్పుకి తెల్ల సున్నం మీద పెట్టండి.

ప్రశ్న: మే ఆఖరి ఆదివారం మా అబ్బాయి పెళ్ళి, అనకాపల్లి దగ్గర. మధ్యాహ్నం ఆరుబయట షామియానాలో భోజనాలు. ఎండ ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పగలరా?

చెప్పలేను, చెప్పగలనన్నవాళ్ళ మాట నమ్మొద్దు. ఎల్ నినో (పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కడం) వచ్చి వెళ్ళిన మరుసటి ఎండాకాలం వేడిగా ఉండే అవకాశం ఎక్కువ అన్నంత వరకే ఇంత ముందు మాట, అది పెళ్ళి భోజనాలకి పనికిరాదు. పెళ్ళికి పది రోజుల ముందు వచ్చే గురువారం అంచనా ఓసారి చూడండి, అయిదో రోజు నుంచి బులెటిన్‌లో మీ జిల్లాకి ఇచ్చిన హెచ్చరిక రంగు చూడండి, చివరి రెండు రోజులు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాల జాబితాలో మీ మండలం ఉందేమో చూడండి. కానీ షామియానా వాళ్ళకి అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వాలి కదా. అందుకని ఎండ ఉంటుందనే అనుకుని భోజనాలు రాత్రికి మార్చేయండి. కుదరదంటే కనీసం షామియానాకి పక్క తెరలు కట్టించకండి, వంద మంది ఊపిరి, వంటల ఆవిరి లోపలే ఉండిపోతే బయటి కన్నా లోపలే ఎక్కువ ఉడుకుతుంది. మరీ ముఖ్యంగా తూర్పు, దక్షిణం వైపులు పూర్తిగా వదిలేయండి, సముద్రపు గాలి వస్తే అటు నుంచే రావాలి.