డాక్టరు చెప్పింది చేసే పనికి నాలుగేళ్ల చదువెందుకు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్‌టూ సైన్సు పాసై బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. డాక్టరు చెప్పింది చేసే పనికి నాలుగేళ్లెందుకు, మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం చాలదా? విశాఖలో ఒక ఏజెంటు తాను చెప్పిన కాలేజీలో చేర్పిస్తే జర్మనీ పంపే పూచీ తనదంటున్నాడు. చుట్టాలేమో నర్సమ్మను చేస్తే సంబంధాలు రావంటున్నారు. రెండు కోర్సులనూ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న తల్లిదండ్రుల నుంచి ఏటా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. పైకి అడిగేది కోర్సు గురించి. లోపలి భయం మాత్రం, బిడ్డను ఎవరి కిందో చాకిరీకి పెడుతున్నామా అని. ముందు దానికే జవాబు చెబుతాను.

డాక్టరు రౌండ్స్‌కి వచ్చి వెళ్లిపోతారు. మిగతా గంటలన్నీ రోగి నర్సు కళ్లముందే ఉంటాడు. కాన్పుల వార్డునే తీసుకోండి. బిడ్డ పుట్టింది, ఇంట్లోవాళ్లు ఫోన్ల హడావుడిలో ఉన్నారు. ఆ తర్వాతి గంటల్లో నర్సు మాటిమాటికీ వచ్చి తల్లి పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూస్తుంది. గర్భసంచి గట్టిగా బిగుసుకుని ఉంటే సరే. మెత్తగా తగిలితే రక్తం పోతోందేమోనని అనుమానించాలి. ప్యాడ్ ఎంత తడిసిందో చూస్తుంది, నాడి పట్టుకుంటుంది. చాలాసార్లు బీపీ పడిపోకముందే నాడి వేగం పెరుగుతుంది. అప్పుడే పసిగడితే డాక్టరుకు కబురు చేసి, ఈలోగా కడుపు మర్దన చేస్తూ సెలైన్, ఇంజెక్షన్ సిద్ధం చేసుకునే వ్యవధి ఉంటుంది. ఒక్క నర్సు రెండు వార్డులు చూసుకోవాల్సివస్తే ఆ చెయ్యి గంట ఆలస్యంగా పడుతుంది. అంత రక్తస్రావంలో గంటసేపు ఆగడం అంటే ప్రాణం మీదికి రావడమే. కొండ మీది ఊరి నుంచి మీ జిల్లా ఆసుపత్రికి దిగివచ్చిన తల్లిని అక్కణ్నుంచి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపాలంటే ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ అనుమానం ముందుగా రావాల్సింది నర్సుకే. డాక్టరు చెప్పేదాకా ఆగే పని కాదది.

దీన్ని లెక్కలతో చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఏకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కో నర్సుకు ఒక రోగి చొప్పున భారం పెరిగినప్పుడల్లా, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనబడింది. 2014లో యూరప్‌లోని 9 దేశాల్లో చూసినప్పుడూ భారం సంగతి అలాగే తేలింది. మీ ప్రశ్నకు నేరుగా తగిలే సంగతి ఇంకొకటి కూడా తేలింది: డిగ్రీ చదివిన నర్సులు 10 శాతం ఎక్కువున్న చోట మరణాల అవకాశం 7 శాతం తక్కువ. నాలుగేళ్లెందుకు అంటే ఇందుకు.

ఇక మిమ్మల్ని ఒక మాట గట్టిగానే అడగాలి. ఉత్తరంలో ఏజెంటు ఏమన్నాడో రాశారు, చుట్టాలేమన్నారో రాశారు. అమ్మాయి నర్సింగే ఎందుకు కావాలంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? ఒంట్లో బాగోలేనప్పుడు రాత్రి రెండింటికి 'సిస్టర్, సిస్టర్' అని కేకేసేదీ మనమే, తెల్లారాక ఆ ఉద్యోగానికి పరువు లేదనేదీ మనమే. సంబంధాల టెన్షన్ నాలుగేళ్ల తర్వాతి మాట. ఇవాళ ఆ భయాన్ని పిల్ల నెత్తిన పెట్టకండి.

జర్మనీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి నోటా అదే. అక్కడ నర్సుల కొరత నిజమే, వెళ్లి స్థిరపడినవాళ్లూ ఉన్నారు. కానీ అక్కడ పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే మన చదువును వాళ్లు మదింపు వేయాలి, మామూలుగా జర్మన్ భాష బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) దాకా రావాలి. నాలుగేళ్ల తర్వాత అమ్మాయి ఆ పరీక్ష పాసవుతుందని ఇవాళ ఏ ఏజెంటు పూచీ ఇవ్వగలడు? ఆ దేశ ప్రభుత్వ సంస్థలే నడిపే 'ట్రిపుల్ విన్' పథకంలో ఉద్యోగం చూపించినందుకు నర్సు దగ్గర ఫీజు తీసుకోరు. మన దేశంలో నమోదైన ఏజెంటు కూడా సర్వీసు ఛార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. విదేశీ ఉద్యోగాల ఏజెంట్ల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్లో అతని పేరుందో లేదో చూడండి. నాకు అంతకన్నా పెద్ద అనుమానం అతను చెప్పే కాలేజీ మీద. సొంత ఆసుపత్రి పేరుకే ఉండి, వార్డు డ్యూటీలు రికార్డు పుస్తకంలోనే పూర్తయ్యే కాలేజీలున్నాయి. అక్కడ చదివిన పిల్లకు గర్భసంచి ఎలా తగులుతుందో చేతికి తెలియదు.

అందుకే కాలేజీలో చేర్చేముందు దాని ఆసుపత్రికి సాయంత్రంపూట వెళ్లండి. వార్డులో పడకలెన్ని, డ్యూటీలో నర్సులెందరు లెక్కపెట్టండి. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అచ్చంగా అలాగే ఎక్కడా కనిపించకపోవచ్చు. కానీ పాతికమందికి ఒక్క సిస్టర్, చుట్టూ పరుగులు తీస్తున్న స్టూడెంట్లు కనిపిస్తే అక్కడ చేర్చవద్దు. అలాంటి చోట పిల్లలను జీతం లేని పనివాళ్లుగా వాడుకుంటారు, పక్కన నిలబడి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

పోలిక అడిగారు కాబట్టి: డబ్బుకు మరీ ఇబ్బందైతే జీఎన్‌ఎం తప్పేమీ కాదు, అదీ నర్సు చదువే. తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేస్తే డిగ్రీ వస్తుంది, మొత్తం ఐదేళ్లు. స్తోమత ఉంటే నేరుగా బీఎస్సీయే చేయించండి.

ఆంధ్రాలో చదివినా ఒడిశాలో ఉద్యోగం చేయాలంటే అక్కడి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. సర్కారు ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం కూడా వచ్చి ఉండాలి. అది ఆమెకు వచ్చనుకుంటాను. కొండ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో మాట్లాడేందుకు సవర భాష కూడా నాలుగు ముక్కలు నేర్చుకోమనండి. నొప్పి ఎక్కడో రోగి తన భాషలో చెప్పుకునేది వార్డులో ఆమెకే.