ఎక్సెల్‌లో చివరి అంకెలన్నీ సున్నాలైపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: డిగ్రీలో గణితం చదువుతున్నాను. 2^67-1 ప్రధాన సంఖ్య కాదని, 193707721, 761838257287 దాని కారణాంకాలని క్లాసులో చెప్పారు. సరిచూద్దామని ఎక్సెల్‌లో ఆ రెండింటినీ గుణిస్తే 147573952589676000000 వచ్చింది. రెండు బేసి సంఖ్యల లబ్ధం సున్నాతో ఎలా ముగుస్తుంది? అసలిది ప్రధాన సంఖ్య కాదని నా ల్యాప్‌టాప్‌లోనే తేల్చుకోవచ్చా? అలా తేలితే బ్యాంకు సైట్ల ఎన్‌క్రిప్షన్‌నూ ఇలాగే ఛేదించవచ్చా?

జవాబు: బేసి, సరి చూసి తప్పు పట్టారు, చాలా మంచి పని. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే చూపిస్తుంది, మిగతా చోట్ల సున్నాలు పెడుతుంది. మీ లబ్ధంలో 21 అంకెలున్నాయి. అసలు విలువ 147573952589676412927.

ఇది గణిత విద్యార్థులకే కాదు, ఆఫీసుల్లో పనిచేసేవారికీ అవసరమైన సంగతి. 16 అంకెల కార్డు నంబరు టైప్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, తర్వాత దాన్ని వెనక్కి తేలేం. ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. 12 అంకెల ఆధార్ నంబరు చివర 'E+11' అంటూ కనిపించినా కంగారు వద్దు, లోపల అంకెలు భద్రంగానే ఉంటాయి.

మీ లెక్కకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడండి. 2**67-1 అని కొడితే 21 అంకెలూ పొల్లుపోకుండా వస్తాయి. పూర్ణాంకం ఎంత పెద్దదైనా అది కుదించదు.

ఇక ఈ సంఖ్య సంగతి. 1644లో ఫ్రెంచ్ గణితవేత్త మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. 1876లో మరో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ అది ప్రధాన సంఖ్య కాదని నిరూపించాడు, కానీ ఒక్క కారణాంకమూ చూపలేదు! సంయుక్త సంఖ్య అని తెలియడం వేరు, దాని కారణాంకాలు తెలియడం వేరు. వాటిని 1903లో న్యూయార్క్‌లో, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ బయటపెట్టారు. మూడేళ్ల ఆదివారాలు పట్టిందని ఆయన చెప్పినట్టు ప్రచారంలో ఉంది. చేత్తో చేసిన లెక్క అది. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

లూకాస్ పద్ధతి కాకపోయినా, ఫెర్మా పరీక్ష మీరే చేయొచ్చు. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యే అయితే, 3ను దానికన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, అదే సంఖ్యతో భాగించినప్పుడు శేషం 1 రావాలి. పైథాన్‌లోని పవ్ (pow) ఫంక్షన్‌కు ఈ మూడు విలువలూ ఇస్తే శేషం వెంటనే వస్తుంది. అది 1 కాదు, కాబట్టి మనది సంయుక్త సంఖ్యే. అయితే 3 బదులు 2 పెట్టి చూడండి, శేషం సరిగ్గా 1 వస్తుంది! 2^67ను ఈ సంఖ్యతో భాగిస్తే శేషం 1. పైగా ఈ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 67కు గుణిజమే. అందుకే 2తో చేసే పరీక్ష మోసపోతుంది. 2, 3 లాంటి ఒకే ఒక్క సంఖ్యతో పరీక్షించి నిర్ణయానికి రావద్దని చెప్పేది ఇందుకే.

కారణాంకాల వేటకూ ఓ సులువు ఉంది. ఈ సంఖ్యకు ఏ కారణాంకమైనా 134 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే కావాలి. 134ను 1445580తో గుణించి ఒకటి కలపండి, 193707721 వస్తుంది. చిన్న లూప్ రాస్తే ల్యాప్‌టాప్ క్షణాల్లో పట్టేస్తుంది.

బ్యాంకు సైట్ల ఎన్‌క్రిప్షన్‌కు మాత్రం ఈ లూప్ పనికిరాదు. ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో వాడే 2048 బిట్ల కీలోని సంఖ్యకు 617 అంకెలుంటాయి. యాదృచ్ఛికంగా ఎంచుకున్న రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధం కనుక, 134 లాంటి సులువు దొరకదు. అది సంయుక్త సంఖ్యేనని ఫెర్మా పరీక్ష మీ ల్యాప్‌టాప్‌లోనే చెప్పేస్తుంది, కారణాంకాలు మాత్రం చెప్పదు. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను 2020లో పరిశోధకులు విడగొట్టడానికే, ఒక్క ప్రాసెసర్ కోర్ లెక్కన చూస్తే సుమారు 2700 ఏళ్ల పని పట్టింది.