గుడి బాగుచేసే ముందు: ఇన్నయ్యకు ఉత్తరం

చిరంజీవి ఇన్నయ్యకు మీ పెద్దబాపు దీవెనలు.

మీ ఊరి పాత కతోలిక గుడి, అదే చర్చి, బాగుచేసే పని కమిటీ నీ మీద పెట్టిందని, గుడి పండుగ లోపల ముగించుమంటున్నరని రాసినవు. పంపిన లిస్టు చూసిన. గోడలకు ప్లాస్టిక్ పెయింటు, కింద గ్రానైటు, పైన పీవీసీ సీలింగు, బలిపీఠం వెనుక పాలరాయి. కప్పు మీద పడ్డ వాన ఎటు పోతదో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ లిస్టు పక్కన పెట్టు.

ముందుగాల ఒక పొద్దంతా గుడిలో ఊకనే కూసో. నిజాం రాజ్యంలో ఇటలీల మిలాను నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్లు కట్టించిన గుడి అది. తీరు ఇటలీది, సరుకు మనది: మన సున్నం, మన టేకు, మన రాయి. నడుమ భాగం ఎత్తుగ, రెండు పక్కల వసారాలు తక్కువగ ఎందుకున్నయో చూడు. వేడి గాలి పైకి ఎక్కి, పైనున్న గుండ్రటి కిటికీలల్లకెళ్లి బయటికి పోతది. అందుకే మే నెల పూజకు కూడా జనం లోపల కూసోగలుగుతున్నరు. సీలింగు కొడితే ఆ దారి మూసుకుపోతది. ఆ తర్వాత ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఉక్క తగ్గదు. పీవీసీ మాట ఎత్తినోళ్లకు ఇదే చెప్పు.

ఇగ నీళ్ల సంగతి. మొదటి పైస కప్పుకే పోవాలె. పైన ఉన్నవి మంగళూరు పెంకలు. ఒకటి తీసి వెనుకకు తిప్పితే కంపెనీ పేరు అచ్చు కనబడతది. స్విట్జర్లాండుకు చెందిన బాసెల్ మిషనోళ్లు 1865ల మంగళూరుల పెంకల ఫ్యాక్టరీ పెట్టినంక ఈ రకం దేశమంతా పాకింది. ఒక్కో కంపెనీ పెంక కొలత ఒక్కో తీరుగ ఉంటది. కొత్తది తెచ్చి ఇరికిస్తే సందు మిగులుతది. పాత ఇండ్లు కూలగొట్టే కాడికి మన పెంక ఒకటి పట్టుకపోయి జత చూసి తెచ్చుకో. నడుమ గోడకు వసారా కప్పు ఆనే చోట రేకు కాలువ ఉంటది. చానా గుళ్లల్ల కురిసేది అక్కడికెళ్లే. పావురాల పెంట, ఆకులు నిండి నీళ్లు గోడలకు దిగుతయి. గంట గోపురం మీద రావి మొలక ఉంటే పీకకు, పీకితే వేరు లోపలనే ఉండి మళ్లీ చిగురిస్తది. మొదలు కోసి, కోసిన చోట మందు పెట్టి, వేరు చచ్చినంక సున్నంతోటి సందు పూడ్చాలె.

మీ దగ్గర నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతది, ఎండకు కుంగుతది. పగులు కనబడంగనే సిమెంటు కుక్కొద్దు. పగులు రెండు కొసల కాడ పెన్సిలుతోటి గీత గీసి తారీఖు వెయ్యి. అడ్డంగ సన్నటి అద్దం ముక్క అతికించు. అద్దం పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టే. ఒక ఎండకాలం, ఒక వానకాలం చూడనిదే ఏ ఇంజనీరు మాట నమ్మకు. గోడ చుట్టూ నీళ్లు నిలవకుంట వాలు పెడితే సగం పగుళ్లు ఆడికే ఆగుతయి.

గోడలు డంగు సున్నంతోటి, అంటే గానుగల నూరిన సున్నంతోటి కట్టినవి. సున్నపు గోడ చెమ్మ పీలుస్తది, ఎండకు వదులుతది. దాని మీద సిమెంటు, ప్లాస్టిక్ పెయింటు అంటే చెమట పట్టిన ఒంటికి కవరు చుట్టినట్టు. చెమ్మ బయటపడే దారిలేక ఇంకా పైకి ఎక్కుతది. ఉప్పు తేలి పెచ్చులు లేస్తయి. కింద రెండడుగులు సిమెంటు కొట్టిన గుళ్లల్ల మరక మూడో అడుగుకు చేరుడు నేను శానా చూసిన. ఇదివరకు ఎవరన్న సిమెంటు కొట్టి ఉంటే వేలి గణుపుతోటి తట్టు, డొల్ల చప్పుడు వచ్చిన కాడ ఊడదియ్యి. రాతి సున్నం గుంతల చల్లార్చి నెల రోజులన్న నానబెట్టాలె. ఒక పాలు సున్నానికి ఇసుక, సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి మూడు పాళ్లు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లతోటి కలిపితే పట్టు వస్తది. పలుచగ పొర మీద పొర వెయ్యాలె, తడి గోనెపట్టలు కప్పాలె. ఎండల కాలంల ఈ పని పెట్టుకుంటే పొర నెర్రెలిస్తది. దసరా తర్వాతనే మొదలువెట్టు.

బలిపీఠం జోలికి పోయేముందు ఆగు. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత, ఫాదర్ జనం దిక్కు తిరిగి పూజ చేసుడు మొదలైంది. కొత్త బలిపీఠం ముందుకు వచ్చింది, గోడకు ఆనిన పాతది అట్లనే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని అడ్డమంటున్నరు. ఆ పాత దాని నడుమ చదరపు రాయి ఒకటి పొదిగి ఉంటది చూడు, అందులో పునీతుల (సెయింట్ల) అవశేషాలు పెడతరు. మేస్త్రీ సుత్తెకు అది తెలుస్తదా? 1983 శ్రీసభ చట్టంల 1189వ నిబంధన చదివి వినిపించు: పాతవి, కళ ఉన్నవి, జనం మొక్కేవి అయిన విలువైన స్వరూపాలను, అంటే విగ్రహాలను, పటాలను బాగుచెయ్యాలంటే మేత్రాణుల (బిషప్) రాతపూర్వక అనుమతి ఉండాలె, ఆయన కూడా తెలిసినోళ్లను అడిగినంకనే ఇయ్యాలె. పీఠాన్ని కదిలించుడు కూడా అక్కడ అడిగినంకనే.

స్వరూపాలకు ఎనామెల్ పెయింటు వద్దు. ప్లాస్టర్ స్వరూపాన్ని నీళ్లతోటి కడగవద్దు, మెత్తటి కుంచెతోటి దుమ్ము దులిపితే చాలు. అంతగ రంగు వెయ్యాల్సివస్తే పెయింటరుకు గుర్తులు రాసియ్యి. మరియమ్మ రూపాలల్ల లూర్దు మాతకు తెల్ల అంగీ మీద నీలం నడికట్టు, పాదాల మీద బంగారు గులాబీలు. ఫాతిమా మాతకు నీలం నడికట్టు ఉండదు, తెల్ల ముసుగుకు బంగారు అంచు ఉంటది. ఒక ఊర్ల పెయింటరు ఫాతిమా మాతకు నీలం కట్టు వేస్తే పండుగనాడు ముసలమ్మలు లొల్లి చేసిన్రు. వాళ్లదే న్యాయం. మన వరంగల్ మేత్రాసనం (బిషప్ కింది ఇలాకా) 1952ల ఏర్పడ్డది, దాని పెద్దగుడి కాజీపేటల ఫాతిమా మాత పేరు మీదనే ఉన్నది కదా. జోజప్ప (సెయింట్ జోసఫ్) చేతిల లిల్లీ, పేతురు చేతిల తాళంచెవులు, పౌలు చేతిల కత్తి. పువ్వు విరిగితే కొత్త పువ్వు, వేలు విరిగితే కొత్త వేలు, అంతకు మించి చెయ్యి పెట్టకు.

రంగు అద్దాలకు యాసిడ్ తాకనియ్యకు. ముక్కలను పట్టుకునేది సీసం పట్టీ, ముసలితనానికి వంగుతది. అరచేతితోటి నెట్టి సాపు చేద్దామనుకుంటే అద్దమే పగులుతది. కింద షాబాదు బండలను తోమి పాలిష్ పెట్టిస్తే గ్రానైటు కంటే మేలు. పిడుగు కడ్డీ రాగి పట్టీ భూమి దాకా ఉన్నదో, ఎవడన్న కోసుకపోయిండో చూసుకో. గంట బోల్టులు కూడా.

కమిటీని ఒకసారి హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసఫ్ కతీడ్రల్‌కు తీసుకపో, 1875 క్రిస్మస్‌కు తెరిచిన్రు. అట్లనే మెదక్ పెద్దగుడి కూడా చూపించు. అది మన కతోలిక గుడి కాదు, 1924ల అయిన ప్రొటెస్టెంట్ గుడి. ఏ పొద్దుకు ఏ కిటికీ వెలుగుతదో అక్కడ చూసినంక సీలింగు మాట వాళ్లే మానుకుంటరు.

అసలు తిప్పలు పైసల దగ్గర వస్తది. పాలరాయి మీద పేరు చెక్కుతమంటే లక్ష ఇచ్చేటోళ్లు ఉన్నరు, నీళ్ల కాలువకు పేరు అడిగేటోళ్లు లేరు. రాయి మీద పేర్లే వద్దని ఫాదర్‌తోటి తీర్మానం చేయించు. పండుగ పూజ అయినంక దాతల పేర్లు చదివి శాలువా కప్పితే సరిపోతది. మిరుగం (వానలు మొదలయ్యే మృగశిర కార్తె) ముంగట కప్పు, కాలువలు. పండుగకు వట్టి సున్నం వెల్ల, తోరణాలు. గోడల పని దసరా దాటినంక.

డంగు సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇద్దరు ఇంకా చేతనైనోళ్లున్నరు. తారీఖు ఖాయం చేసి ఫోన్ చెయ్యి, తీసుకొని వస్త. గోపురం దాకా అందే నిచ్చెన తెప్పించి పెట్టు, పోయినసారి లెక్క కరెంటోళ్లది అడుక్కుంట కూసోవద్దు.

మీ పెద్దబాపు